కర్తవ్యం ఎవరి పట్ల?

బొంబాయిలో 1896 సెప్టెంబరులో ప్లేగు బయటపడగానే మాండ్వీ పేట ఖాళీ కావడం మొదలైంది. జనం మూటాముల్లె సర్దుకుని సొంతూళ్ల దారి పట్టారు. వాళ్లతో పాటే భయం కూడా కాఠియావాడ్ చేరింది. అప్పుడు రాజ్‌కోట్‌లో ఇరవయ్యారేళ్ల బారిస్టరు ఒకాయన ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో భారతీయులు పడుతున్న అవమానాలను స్వదేశంలో చెప్పుకోవడానికి ఆర్నెల్ల కోసమని వచ్చి, ఆగస్టులో ఆకుపచ్చ అట్టతో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి పంచిన మోహన్‌దాస్ గాంధీ ఆయనే. ప్లేగు కబురు వినగానే తన సేవలు వాడుకోమని సంస్థానానికి చెప్పారు. అధికారులు ఆయనను ఊరి పారిశుధ్యం చూసే కమిటీలో వేశారు.

కమిటీలో ఆయన పట్టిన పట్టు ఒక్కటే. ప్రతి వీధిలో ప్రతి ఇంటి మరుగుదొడ్డి చూడాలి. పేదలు అభ్యంతరం చెప్పలేదు. తలుపు తీసి చూపించారు, చెప్పిన మార్పులు చేసుకున్నారు కూడా. పెద్దింటివాళ్లు కొందరు లోపలికి రానివ్వనే లేదు. రానిచ్చిన చోట చూస్తే వాళ్ల దొడ్లే ఎక్కువ కంపు కొడుతున్నాయి. చీకటి, దుర్గంధం, పురుగులు. వైష్ణవ హవేలీకి వెళ్తే అక్కడ భోజనాలైన విస్తళ్లు ప్రహరీ అవతలికి విసిరేసి ఉన్నాయి, కాకులూ గద్దలూ మూగుతున్నాయి. చివరికి అంటరానివారని ఊరు వెలివేసిన వాడకూ వెళ్దామన్నారు గాంధీ. కమిటీ సభ్యుల్లో ఆయన వెంట వచ్చింది ఒక్కరు. వీళ్లు వచ్చారని ఆ వాడవాళ్లే ఆశ్చర్యపోయారు. తమకు మరుగుదొడ్లెక్కడివి, బయటికే వెళ్తామన్నారు. ఇళ్లలోకి చూస్తే పేడతో అలికిన నేల, తోమి పెట్టిన నాలుగు గిన్నెలు, ఊడ్చిన వాకిలి. ఆ ఊళ్లో ప్లేగుకు భయపడనవసరం లేని పేట ఏదైనా ఉందంటే అదేనని గాంధీకి అనిపించింది.

అదే రోజుల్లో ఆయన ఇంకో కమిటీలోనూ ఉన్నారు. విక్టోరియా రాణి సింహాసనమెక్కి అరవై ఏళ్లు నిండబోతున్నాయి. ఆ వజ్రోత్సవం కోసం రాజ్‌కోట్‌లో మొక్కలు నాటాలనుకున్నారు. చాలామంది అధికారుల మెప్పు కోసం ఒక మొక్క పాతి చేతులు దులుపుకున్నారు. గాంధీ తన వంతు మొక్కకు నీళ్లు పోసి, సాకారు. అంతటితో ఆగలేదు. బ్రిటిష్ రాజగీతాన్ని ఇంటి పిల్లలకు నేర్పించారు. స్థానిక ట్రైనింగ్ కాలేజి విద్యార్థులకూ నేర్పించారు. ఆత్మకథలో ఆయన ఇది దాచలేదు. బ్రిటిష్ రాజ్యాంగం పట్ల తనకున్నంత విధేయత మరెవరిలోనూ చూడలేదని తానే రాసుకున్నారు.

కాబట్టి 1896 నాటి గాంధీలో రెండు కర్తవ్యాలు ఒకే ఇంట్లో కాపురం ఉన్నాయి. ఒకటి పక్కింటివాడి పట్ల, రెండోది సింహాసనం పట్ల. వీటి మధ్య తగాదా ఉందని ఆయనకు అప్పటికి తెలియదు. ఆ తగాదా ఎప్పుడు మొదలై ఎక్కడ తేలిందో చెప్పడమే ఈ భాగంలో నా పని. గాంధీ దేశభక్తి గురించి మనకు వచ్చే మాటల్లో ఎక్కువ భాగం ఆయన ముగింపు నుంచి తెచ్చుకున్నవి. ఆ ముగింపుకు చేరడానికి ఆయనకు పాతికేళ్లు పట్టింది.

నాటాల్‌కు తిరిగి వెళ్లాక మొదట చికాకు పెట్టింది సొంత జనమే. భారతీయులు మురికివాళ్లు, కాబట్టి వాళ్లను ఊరి మధ్య ఉండనివ్వకూడదు అనేది అక్కడి తెల్లవారి ప్రచారం. ఆ మాట వెనక ద్వేషం ఉందని గాంధీకి తెలుసు. అందులో కొంత నిజం ఉందనీ తెలుసు. హక్కులు అడిగే నోటితోనే మన తప్పులు కప్పిపుచ్చడం ఆయనకు నచ్చలేదు. డర్బన్‌కు ప్లేగు రాబోతోందన్న వార్త పుట్టాక ఇంటింటికీ తిరిగారు. కొన్ని చోట్ల మాటలు పడ్డారు, కొన్ని చోట్ల మర్యాదగా విని ఊరుకున్నారు. హక్కుల కోసం సంతకం పెట్టమంటే ముందుకొచ్చిన జనం, తమ పెరడు శుభ్రం చేసుకోమంటే వెనక్కి తగ్గారు. ఈ అనుభవాన్ని ఆయన చాలాకాలం మరిచిపోలేదు. సంస్కరణ కావాలన్న తొందర సంస్కర్తకు ఉంటుంది గానీ సమాజానికి ఉండదన్నది అక్కడ ఆయన నేర్చుకున్న పాఠం.

ఆ తొందర ఇంట్లో ఎంత దూరం పోయిందో కూడా చెప్పుకోవాలి. 1898లో డర్బన్‌లో ఆయన ఇంట్లో గుమాస్తాలు ఉండేవారు. గదుల్లో మురుగు కాలువ లేదు, రాత్రిపూట వాడే కుండలు ఉండేవి. వాటిని ఎత్తిపోసే పని పనివాళ్లకు వదలకుండా భార్యాభర్తలే చేసేవారు. కొత్తగా వచ్చిన ఒక గుమాస్తా పంచముల కుటుంబంలో పుట్టిన క్రైస్తవుడు. అతని కుండ మోయడం కస్తూర్బాకు మనసొప్పలేదు. భర్త మోస్తే చూడటమూ ఒప్పలేదు. కళ్లనీళ్లతో మెట్లు దిగుతూ మోసుకొచ్చారు. గాంధీకి అది చాలలేదు. నవ్వుతూ చేయాలన్నారు, గొంతు పెంచారు, చేయి పట్టి గేటు దాకా ఈడ్చుకెళ్లి బయటికి తోయబోయారు. తెలియని దేశంలో నన్ను ఎక్కడికి పొమ్మంటారు, మీకు సిగ్గు లేదా అని ఆమె అడిగిన తర్వాతే ఆయనకు తెలివొచ్చింది.

ఆత్మకథలో ఇంత బాధగా రాసిన ఘట్టాలు కొద్ది. ఒక మనిషి తన కర్తవ్యమనుకున్నదాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి, పైగా సంతోషంగా మోయమంటే అది కర్తవ్యం ఎలా అవుతుంది? ఆ రోజు గేటు దగ్గర కస్తూర్బా అడిగింది ఈ ప్రశ్నే. గాంధీ తర్వాతి రాజకీయమంతా ఈ ప్రశ్నకు బాకీ పడింది. అన్నిచోట్లా తీర్చారని అనలేం. పారిశుధ్యాన్ని పుణ్యకార్యంగా ఆయన పొగుడుతూ పోవడాన్ని అంబేద్కర్ తీవ్రంగా తప్పుపట్టారు. పుట్టుకతో ఆ పని అంటగట్టబడినవాళ్లకు ఆ పొగడ్త ఏం పనికొస్తుంది? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టినప్పుడు అంబేద్కర్ అడిగింది పౌరహక్కు. ఆ చెరువును అందరికీ తెరుస్తున్నామని మహద్ మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. గాంధీ పౌరధర్మం గురించి రాసేవాళ్లు ఈ పేరా వదిలేయకూడదని నా నమ్మకం.

మళ్లీ దక్షిణాఫ్రికాకు వద్దాం. 1899 అక్టోబరులో బోయర్ యుద్ధం మొదలైంది. గాంధీ మనసు బోయర్ల వైపే మొగ్గింది. అయినా ఆయన లెక్క వేరు. బ్రిటిష్ పౌరుడిగా హక్కులు కోరుతున్నాను గనక బ్రిటిష్ రాజ్య రక్షణలో పాలుపంచుకోవడం నా బాధ్యత అనుకున్నారు. డాక్టర్ బూత్ దగ్గర శిక్షణ తీసుకుని దాదాపు 1,100 మందితో క్షతగాత్రులను మోసే దళం ఏర్పడింది. అందులో సుమారు 300 మంది స్వతంత్రులు, మిగిలినవాళ్లంతా ఒప్పంద కూలీలు. స్పియాన్ కోప్ దగ్గర గుళ్లు పడుతున్న చోటికి వెళ్లే షరతు వాళ్లకు లేదు. రమ్మంటే వెళ్లారు. గాయపడినవాళ్లను డోలీల మీద రోజుకు ఇరవై, పాతిక మైళ్లు నడిచి మోశారు.

ఈ కూలీలు ఎవరు? 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్‌లో దిగిన నాటి నుంచి తమిళ, తెలుగు జిల్లాల పేదలు వేలాదిగా నాటాల్ చెరకు తోటలకు చేరారు. గాంధీ దళంలో డోలీ పట్టిన భుజాల్లో మనవాళ్ల భుజాలూ ఉన్నాయన్నమాట. యుద్ధం తర్వాత పతకాలు మాత్రం 37 మంది నాయకులకే వచ్చాయి. తోటల నుంచి వచ్చి డోలీలు మోసినవాళ్ల పేర్లు మనం చదివే చరిత్రల్లో దాదాపు కనిపించవు.

1901 చివరలో గాంధీ కలకత్తా కాంగ్రెస్‌కు వెళ్లారు. అధ్యక్షుడు దిన్షా వాచా. ప్రతినిధుల్లో కొందరికి రిపన్ కాలేజిలో బస. దేశాన్ని పాలించుకునే హక్కు కోరడానికి అన్ని ప్రాంతాల నుంచి వచ్చిన పెద్దమనుషులు అక్కడ ఎలా ఉన్నారంటే, వలంటీరుకు పని చెబితే అతను ఇంకొకడికి చెప్పేవాడు, వాడు మూడోవాడికి. తమిళ ప్రతినిధులకు ఎవరి కన్నూ పడకుండా దడి కట్టిన వంటశాల. మరుగుదొడ్లు కొద్ది, అవీ పొంగిపొర్లుతున్నాయి. ఇదేమిటని గాంధీ వలంటీర్లను అడిగితే అది పాకీవాళ్ల పని అన్నారు. ఆయన చీపురు అడిగితే వింతగా చూశారు. వెతికి తెచ్చుకుని తనకు కావలసినంత మేర శుభ్రం చేసుకున్నారు. రాత్రిపూట కొందరు ప్రతినిధులు గది ముందున్న వరండానే వాడేశారు. ఉదయం ఎవరూ ముట్టుకోలేదు. అదీ ఆయనే కడిగారు. సమావేశాలు మరికొన్ని రోజులు సాగి ఉంటే అంటురోగం పుట్టేదని తర్వాత రాశారు.

కాంగ్రెస్ పెద్దల తీర్మానాలు ఎంత పదునైనవో ఆయనకు తెలుసు. గోఖలే అంటే ప్రాణం. ఆ సమావేశాల తర్వాత నెల రోజులు గోఖలే ఇంట్లోనే ఉన్నారు. కానీ పాలకుడిని ఉద్దేశించి ఎంత గట్టిగా మాట్లాడినా, వరండాలో పక్కన పడుకున్న మనిషి పట్ల బాధ్యత లేకపోతే ఆ మాటకు కాళ్లుండవన్న అనుమానం ఆయనలో అక్కడే బలపడింది.

జోహానెస్‌బర్గ్‌లో 1904లో జరిగింది ఈ కథకు గుండెకాయ. భారతీయులను నెట్టేసిన పేటను అక్కడ లొకేషన్ అనేవారు. అక్కడి స్థలాలను మునిసిపాలిటీ స్వాధీనం చేసుకుంది. పాత యజమానులను అద్దెదార్లుగా మార్చింది. ఆ పైన ఊడ్పించడం కూడా మానేసింది. ఇళ్లు కిక్కిరిశాయి, చెత్త పేరుకుంది. ఫిబ్రవరిలోనే గాంధీ ఆరోగ్యాధికారి డాక్టర్ పోర్టర్‌కు హెచ్చరిక రాశారు. మార్చిలో ఒక బంగారు గనిలో ఊపిరితిత్తుల ప్లేగు పుట్టింది. అక్కడ పనిచేసే 23 మంది భారతీయులు ఒక సాయంత్రం జ్వరాలతో లొకేషన్‌కు తిరిగొచ్చారు. అప్పుడు ఇండియన్ ఒపీనియన్ పత్రికకు చందాలు పోగుచేస్తూ అక్కడే ఉన్న మదన్‌జీత్ ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి రోగులను అందులో చేర్చారు. గాంధీకి కబురంపారు. ఆయన సైకిలెక్కి వచ్చారు. తాళం ఎందుకు పగలగొట్టవలసి వచ్చిందో వివరిస్తూ టౌన్ క్లర్కుకు చీటీ రాశారు. డాక్టర్ విలియం గాడ్‌ఫ్రే వైద్యం చూశారు. గాంధీ ఆఫీసులో పనిచేసే నలుగురు యువకులూ రాత్రంతా సేవ చేశారు.

మర్నాడు మునిసిపాలిటీ కృతజ్ఞతలు చెప్పి ఒక ఖాళీ గోదాము ఇచ్చింది. దాన్ని కడగడానికి మనుషుల్ని ఇవ్వలేదు. వీళ్లే కడుక్కున్నారు. పంపిన నర్సు కూడా ప్లేగు సోకి చనిపోయింది. రోగుల్లో బతికి బయటపడినవాళ్లు ఇద్దరే. తర్వాత పేట మొత్తాన్ని ఖాళీ చేయించి, జనాన్ని ఊరికి పదమూడు మైళ్ల దూరంలో గుడారాల్లోకి తరలించి, లొకేషన్‌కు నిప్పుపెట్టారు. ఈ పనిలోనూ గాంధీ అధికారులకు సహకరించారు.

సహకరించి ఊరుకున్నారా? లేదు. పత్రికకు ఉత్తరం రాసి ఈ చావులకు మునిసిపాలిటీదే బాధ్యత అన్నారు. పేటను స్వాధీనం చేసుకున్న రోజు నుంచి ఊడ్పించాల్సిన పని వాళ్లదేనని వేలెత్తి చూపారు. ఆ ఉత్తరం చదివే హెన్రీ పోలక్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి జీవితకాల సహచరుడయ్యారు. పాస్టర్ జోసెఫ్ డోక్‌తో పరిచయానికీ అదే దారి వేసింది.

పౌరధర్మం అంటే ఇదే అని నేను నమ్ముతాను. తెల్లారే దాకా రోగి తల దగ్గర కూర్చున్న మనిషికి, తెల్లారాక అధికారిని నిలదీసే అర్హత ఉంటుంది. ఈ రెండూ ఒకే మనిషి చేశారు. ఒకటి చేసి రెండోది వదిలేస్తే అయితే అది దానధర్మం, కాకపోతే ఉత్త ఫిర్యాదు.

సింహాసనం పట్ల ఉన్న కర్తవ్యం మాత్రం అప్పటికింకా చెక్కుచెదరలేదు. 1906లో జూలూలు తిరగబడితే గాంధీ మళ్లీ ఇరవై నాలుగు మందితో సేవాదళం కట్టి నాటాల్ ప్రభుత్వానికి అప్పగించారు. ఆయనకు సార్జంట్ మేజర్ హోదా ఇచ్చారు. తీరా వెళ్లి చూస్తే వాళ్ల దగ్గరికి తెచ్చిన జూలూల్లో చాలామంది యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లు కారు. అనుమానంతో పట్టుకుని కొరడాలతో కొట్టినవాళ్లు. ఆ పుండ్లు కుళ్లుతున్నా తెల్ల నర్సులు ముట్టుకోవడం లేదు. ఇది తిరుగుబాటును అణచడం కాదు, మనుషుల వేట అని గాంధీకి అర్థమైంది. యూనిఫారం సామ్రాజ్యానిది, కట్టు కట్టింది సామ్రాజ్యం కొట్టిన గాయాలకు. అక్కడ ఆ రెండు కర్తవ్యాలు మొదటిసారి ఎదురెదురుగా నిలబడ్డాయి.

తిరిగొచ్చిన కొద్ది వారాలకే ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం కొత్త చట్టం ముసాయిదా తెచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి భారతీయుడూ పేరు నమోదు చేసుకుని వేలిముద్రలివ్వాలి. డోలీలు మోసినందుకు దొరికిన బహుమానం ఇది. సెప్టెంబరు 11న జోహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో జనం ఆ చట్టానికి లొంగబోమని దేవుడి సాక్షిగా ప్రమాణం చేశారు. సత్యాగ్రహానికి అది పుట్టినరోజు. ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. గాంధీ ఆ రోజు కర్తవ్యం అనే మాటను వదిలి హక్కు అనే మాట పట్టుకోలేదు. అన్యాయమైన చట్టాన్ని పాటించకపోవడమూ, దాని శిక్షను తలవంచకుండా అనుభవించడమూ కర్తవ్యమేనన్నారు. దారి అదే, దిక్కు మారింది.

మారిన ఆ దిక్కును స్వదేశంలో పెద్దలు మొదట విన్నది కాశీలో. హిందూ విశ్వవిద్యాలయానికి వైస్రాయి లార్డ్ హార్డింజ్ 1916 ఫిబ్రవరి 4న శంకుస్థాపన చేశారు. రెండు రోజుల తర్వాత గాంధీ వంతు వచ్చింది. వేదిక మీద దర్భంగా మహారాజు, అనీబిసెంట్, నగలతో మెరుస్తున్న సంస్థానాధీశులు. ఎదురుగా విద్యార్థులు. విశ్వనాథుడి గుడి సందులు చూసి వచ్చాను, మన గుళ్లే ఇంత మురికిగా ఉంటే మన స్వపరిపాలన ఎలా ఉంటుందని ఆయన అడిగారు. మూడో తరగతి రైలు పెట్టెల్లో మనం ఉమ్మే తీరు చెప్పారు. రాజుల వైపు తిరిగి, ఆ నగలు తీసి ప్రజల కోసం అప్పగించేదాకా దేశానికి మోక్షం లేదన్నారు. వైస్రాయి రక్షణ కోసం కాశీ నిండా మోహరించిన రహస్య పోలీసుల మాటా ఎత్తారు. ఇంత భయంతో బతకడం కంటే చావు మేలు కాదా అన్న ధోరణిలో సాగారు. బిసెంట్ ఆపమన్నారు, విద్యార్థులు చెప్పమన్నారు. రాజులు లేచి వెళ్లిపోయారు, అధ్యక్షుడూ వెళ్లిపోయారు, సభ మధ్యలోనే ముగిసింది. ఆ ప్రసంగం పత్రికలో చదివి ఉత్తరాలు రాస్తూ చివరికి ఆశ్రమానికే వచ్చి చేరిన యువకుడు వినోబా భావే.

ఆ ప్రసంగంలో పాలితుడి ఉమ్మూ పాలకుడి పోలీసూ ఒకే గంటలో విమర్శకు వచ్చాయి. అందులో ఒక సగాన్ని మాత్రమే పట్టుకోవడం తర్వాతివాళ్లకు అలవాటైంది. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, 42వ సవరణ ద్వారా పది ప్రాథమిక విధులు రాజ్యాంగంలోకి వచ్చాయి. వేలమంది విచారణ లేకుండా జైళ్లలో ఉన్న సమయం అది. ఆ జాబితాలోని మాటలు మంచివే. ఆ వేళ వాటిని ప్రజలకు చదివి వినిపించిన తీరు గాంధీది కాదు. పాలకుడు పౌరుడికి అప్పగించే హోంవర్కుగా ఆయన కర్తవ్యాన్ని ఎన్నడూ చూడలేదు.

చంపారన్ పోరాటం మనకు బాగా తెలిసిందే. నీలిమందు దొరల మీద రైతుల ఫిర్యాదులు రాసుకుంటూనే ఆయన అక్కడి పల్లెల్లో బడులు పెట్టించారు, బావులు బాగుచేయించారు. కస్తూర్బా కూడా ఆ పల్లెల్లో పనిచేశారు.

1920 ఆగస్టు 1న సింహాసనంతో లెక్క తేలిపోయింది. అదే రోజు తెల్లవారుజామున బొంబాయిలో తిలక్ కన్నుమూశారు. గాంధీ కైసర్-ఇ-హింద్ పతకాన్ని, బోయర్, జూలూ యుద్ధాల పతకాలను వైస్రాయికి తిప్పి పంపారు. పంజాబు, ఖిలాఫత్ విషయాల్లో ప్రభుత్వం నడిచిన తీరు చూశాక దాని మీద గౌరవం గాని ప్రేమ గాని నిలుపుకోలేకపోతున్నానని రాశారు. రాజ్‌కోట్‌లో పిల్లలకు రాజగీతం నేర్పిన మనిషి ఆ మాట రాయడానికి ఇరవై నాలుగేళ్లు పట్టింది.

ఆపై ఎనిమిది నెలలకు తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఊహించని రూపంలో ఆయన ముందుకొచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. కోటి మంది సభ్యులు, కోటి రూపాయల తిలక్ నిధి, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. ఆ తర్వాత గాంధీ చీరాల వెళ్లారు. అక్కడ చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నుల భారం దాదాపు పది రెట్లయింది. నేతపని మీద బతికే ఊరు. కట్టలేమన్నారు. కట్టనందుకు జైలుకెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉన్నారు. వాళ్ల నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో చదువుకుని వచ్చి, రామదండు పేరుతో వలంటీర్లను తయారుచేసిన మనిషి.

మునిసిపాలిటీ అంటే వీధులూ నీళ్లూ మురుగూ చూడాల్సిన సంస్థ. పాతికేళ్లుగా వీధుల శుభ్రత గురించి మాట్లాడుతున్న మనిషిని, మునిసిపాలిటీ మాకొద్దు అంటున్న జనం సలహా అడిగారు. గాంధీ రెండు దారులు చెప్పారు. హింస లేకుండా పన్ను నిరాకరించి శిక్షలు భరించడం ఒకటి. ఊరు వదిలి మునిసిపాలిటీ పొలిమేర దాటిపోవడం రెండోది. చీరాలవాళ్లు రెండోది ఎంచుకున్నారు. పదిహేను వేల జనాభాలో అత్యధికులు ఇళ్లకు తాళాలు వేసి, ఎర్రటి ఎండల్లో పొలిమేర అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు.

అక్కడ నీళ్లూ శుభ్రతా కాపలా తగాదాల తీర్పూ అన్నీ తామే చూసుకోవాలి. ఎవరో విధించిన మునిసిపాలిటీని వదిలేసి వచ్చినవాళ్లు సొంతంగా ఒక ఊరిని నడపాల్సి వచ్చింది. నడిపారు. ఎండలు పోయి వానలు వచ్చినా, అక్టోబరులో గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది శిక్ష వేసినా, పాకల్లోనే పదకొండు నెలలు నిలిచారు. రాజ్‌కోట్ పెద్దిళ్ల తలుపుల దగ్గరా, రిపన్ కాలేజి వరండాలోనూ గాంధీ వెతికి కానరాక బాధపడినది ఆ పాకల్లో ఉంది.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత గాంధీ శాసనోల్లంఘన నిలిపేశారు. మార్చిలో ఆయనా జైలుకు వెళ్లారు. రామనగర్‌వాసులు ఒక్కొక్కరుగా పాత ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. చీరాలవాళ్లు ఇంకా పాకల్లో ఉండగానే, గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు ఫిర్కాలో రైతులు భూమిశిస్తు కట్టడం మానేశారు. గాంధీ ముందే అనుమతించిన పోరాటం కాదది. ఆ కథ వచ్చే భాగంలో.

(సశేషం)